మనకి అందా, మాకు అందా

ఎండాకాలం మధ్యాహ్నం, ఫ్యాను కూడా సరిగా తిరగని గదిలో, ఆ అమ్మాయి కాళ్ళకి మంచులో నడిచే బూట్లు వేసుకుని కూర్చుంది.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళగానే నా కంట పడింది అదే. పైన ఇంట్లో వేసుకునే పాత చుడీదారు, కింద మడమలు దాటి పైకి వచ్చిన దళసరి తోలు బూట్లు. నన్ను చూడగానే కాళ్ళు మంచం కిందికి లాక్కుంది.

"ఎవరండీ మీరు?"

"డిటెక్టివ్‌ని. చిలక వాళ్ళ బాబాయి పంపించారు."

చిలక అసలు పేరు కాదు. పరాయి భాష పరీక్ష కోసం పొద్దస్తమానం గోడకేసి చూస్తూ తనలో తను మాట్లాడుకునేదని హాస్టల్లో పెట్టిన పేరు. చివరికి వాళ్ళ బాబాయి కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. అన్నా వదినా పోయాక ఆ పిల్లని తనే పెంచి, డిగ్రీ దాకా చదివించి, పై చదువుకి విదేశం పంపడానికి అన్నీ సిద్ధం చేశాడు. రేపు సాయంత్రం విమానం. మొన్న పొద్దున "ఫ్రెండ్‌ని కలిసి హాస్టల్‌కి వెళ్తా బాబాయ్" అని ఆయన ఇంట్లోంచి బయల్దేరిన పిల్ల హాస్టల్‌కి చేరలేదు. ఫోను మోగడం మానేసింది.

"టీ తాగడానికి వెళ్ళినా చెప్పి వెళ్ళే పిల్లండీ," అన్నాడాయన నాతో. పిల్లలు కనిపించకపోతే అందరూ ఇలాంటి మాటే చెబుతారు కాబట్టి నేను పెద్దగా పట్టించుకోను. కానీ ఆయన ఆ ఒక్క మాట చెప్పి, ఇంకేమీ చెప్పలేక ఫోను పట్టుకునే ఉండిపోయాడు. అటు ఆయన ఊపిరి, ఇటు నాది. చాలాసేపు పెట్టేయడానికి నాకూ మనసు రాలేదు.

అందుకే వచ్చాను. ఈ గదిలో చిలకతో రెండేళ్ళు ఉన్న రూమ్మేట్ ఈ బూట్ల అమ్మాయి. పోలీసుల లెక్క ప్రకారం చిలక చివరిసారి ఫోన్ చేసింది ఈమెకే.

ముందు గది చూశాను. చిలక మంచం పక్కన సూట్‌కేసు గోడకి ఆనించి ఉంది. తాళంచెవి బాబాయి దగ్గరుంటే తెచ్చుకున్నాను. స్వెట్టర్లు చుట్టలు చుట్టి, ఒకదాని పక్కన ఒకటి వేలు దూరకుండా సర్దింది. ఒక మూల మాత్రం ఇంకా ఏదో పెట్టడానికి చోటు వదిలింది. పారిపోదామనుకున్న మనిషి పెట్టె వదిలేసి పోతుందేమో కానీ, ఇంత ఓపిగ్గా సర్ది, మూల ఖాళీ ఉంచి పోదు. సూట్‌కేసు మూసేశాను.

టేబుల్ మీద ఆ దేశం గోడల్లో పట్టే ప్లగ్గు ఒకటి, ప్యాకెట్ విప్పకుండా ఉంది. అలాంటిదే ఇంకొకటి కిటికీలో, ఒక దువ్వెన పక్కన కనిపించింది.

"ఇదెవరిది?"

"చిలకదే. ఒకటి పాడైతే ఉంటుందని రెండు కొంది."

"మరి దువ్వెన?"

"నాదండీ."

"బూట్లు?"

"అవీ చిలకవే. ఊరికే వేసుకుని చూస్తున్నా."

"ఒకసారి విప్పు."

విప్పింది. రెండు మడమలకీ బ్యాండ్ఎయిడ్లు ఉన్నాయి. వాటి అంచులు నల్లబడి ఊడొస్తున్నాయి. అంటే ఇవాళ్టివి కావు. తలుపు దగ్గర చిలక చెప్పులు ఉంటే ఒకటి తెచ్చి బూటు పక్కన పెట్టాను. బూటు రెండు వేళ్ళు పొడుగు.

"కొత్త బూట్లు కరవకుండా ఉండాలంటే వెళ్ళే ముందు ఇంట్లోనే వేసుకుని తిరగమంటారు కదా, అక్కడికి వెళ్ళేవాళ్ళకి?"

"నాకు తెలీదండీ," అని నీళ్ళు నమిలింది.

గట్టిగా అడుగుదామని మంచం మీద ఆమె ఎదురుగా కూర్చున్నాను. అప్పుడే ఇన్‌స్పెక్టర్ తలుపు తట్టకుండా లోపలికి వచ్చాడు. జీపు షెడ్డులో ఉందని సొంత స్కూటర్ మీద, మామూలు చొక్కాలో వచ్చాడు. చెమటకి ఆ చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నన్ను చూడగానే ఆ చిరాకంతా నా మీదకి మళ్ళింది.

"ఇక్కడ కూడా దిగారా మేడమ్? చెప్పాను కదా, ఆ పిల్ల ఎవడితోనో వెళ్ళిపోయిందని."

"ఎవడితో?"

"దొరుకుతాడు."

"ఎవరైనా చూశారా వాణ్ణి?"

"చూసినవాళ్ళూ దొరుకుతారు."

ఈయనకో అలవాటుంది. ఎదుటివాళ్ళు మాట మొదలుపెడితే చాలు, మిగతాది తనే పూర్తి చేస్తాడు. పనులు తొందరగా అవుతాయని ఆయన నమ్మకం. ఆయన రాసుకునే స్టేట్‌మెంట్లలో సగం సాక్షివి, సగం ఆయనవి. మూడు కేసుల్లో మేమిద్దరం ఎదురుపడ్డాం, మూడుసార్లూ ఇదే గొడవ.

"వినండి, మీకే అర్థమవుతుంది," అన్నాడు వేళ్ళు లెక్కపెడుతూ. "ముందురోజు సాయంత్రం బాబాయి ఇంటి నుంచి ఈ అమ్మాయికి ఫోన్ చేసింది. 'మాకు అక్కడ సీట్లు లేవు' అంది. మాకు అంటే ఎవరికి? తనకీ, వాడికీ. ఇద్దరూ కలిసి వెళ్దామనుకున్నారు, కుదర్లేదు. పొద్దున్నే ఫ్రెండ్‌ని కలుస్తానని ఇంట్లో చెప్పి బయటపడింది. ఇంకెక్కడికో చెక్కేశారు. ఇందులో మీరు భూతద్దం పెట్టి చూడాల్సిందేముంది?"

"వీసా చేతికొచ్చిన పిల్లకి సీటు లేకపోవడం ఏంటండీ?"

"అది కాలేజీ వాళ్ళ గొడవ. మనకెందుకు."

"ఆ 'మాకు' అనే అబ్బాయికి ఒక్క ఫోనైనా వెళ్ళిందా ఆమె నుంచి?"

"రెండో ఫోను ఉండుంటుంది."

ఉండుంటుంది, దొరుకుతాడు, దొరుకుతారు. ఆయన కేసంతా ఇలాంటి మాటల మీదే నిలబడి ఉంది. వాదించి లాభం లేదని రూమ్మేట్ వైపు తిరిగాను. ఆమె బూట్ల లేసులు వేలికి చుట్టుకుంటోంది.

"చిలక ఫోన్లో ఏం చెప్పిందో నాకు చెప్పొద్దు," అన్నాను. "తను ఎలా మాట్లాడిందో అలా మాట్లాడు. నువ్వే చిలకవి అనుకో."

"నాటకాలు వేయిస్తున్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కాసేపు నోరు మూసుకుంటే మీకూ చూపిస్తాను."

ఆయన ముఖం మాడ్చుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆ అమ్మాయి తల దించుకుంది. రెండేళ్ళు పక్క మంచం మీద విన్న గొంతు ఎక్కడికి పోతుంది? మొదలుపెట్టిన తర్వాత ఆమె మాట మారిపోయింది. కొంచెం వేగం, కొంచెం గారాబం.

"ఏయ్, పడుకున్నావా? లే ముందు. నేను ఇప్పుడే కాలేజీకి ఫోన్ చేశానే. హాస్టల్ గది గురించి అడుగుదామని చేశాను. నా పేరే లేదంటున్నారు. నీ పేరు కూడా చెప్పి చూశాను. ఏ కోర్సులోనూ లేదు. మనకి అక్కడ సీట్లు లేవే. మావయ్య మనల్ని..."

ఆగిపోయింది. గొంతు తనదైపోయింది. నా ముఖం చూసి, తను ఏం చెప్పేసిందో అప్పుడు తెలుసుకుంది.

"మనకి," అన్నాను.

"అదే కదా నేనూ చెప్పింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మీరు చెప్పింది మాకు. మాకు అంటే ఫోన్ ఎత్తిన ఈ అమ్మాయి అందులో లేదు. మనకి అంటే ఉంది. మూడో మనిషి ఎవడూ లేడండీ. వెళ్ళాల్సింది వీళ్ళిద్దరే. ఈ బూట్లూ, ఆ రెండో ప్లగ్గూ ఈమెవే."

"రెండక్షరాల తేడా పట్టుకుని..."

"ఆ రెండక్షరాలు ఎవరివి? స్టేట్‌మెంట్లో 'మాకు' అన్నది ఈ అమ్మాయా, మీరా?"

జవాబు ఆయన చెప్పలేదు, ఆ అమ్మాయే చెప్పింది. "సార్ అన్నారు. 'మాకు సీట్లు లేవు అంది, అంతేగా' అని అడిగారు. నేను తలూపాను."

ఇన్‌స్పెక్టర్ ఏదో అనబోయి ఆగాడు. ఒక మాట సగంలో ఆపడం ఆయనలో నేను చూడడం అదే మొదటిసారి.

నాకు ఈ తేడా ఎలా దొరికిందని తర్వాత కొందరు అడిగితే, తెలివితేటలని చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఒంటరిగా బతికేవాళ్ళకి 'మనం' అనే మాట ఎంత దూరంలో ఉన్నా వినిపిస్తుంది. నాతో ఆ మాట ఎవరైనా అని ఎన్నేళ్ళయిందో గుర్తులేదు. ఇంట్లో ఒక కంచం, ఒక గ్లాసు, ఒక కుర్చీ. పాలు పోసేవాడు కూడా 'మీకు' అనే అంటాడు. బస్సులో పక్క సీట్లో వాళ్ళు 'మనం దిగాల్సిన స్టాపు' అనుకుంటే నా చెవి అటు పోతుంది. బాధగానే ఉంటుంది, అలవాటైన బాధ.

"వెళ్తున్నట్టు ఎందుకు దాచావు?" అని అడిగాను రూమ్మేట్‌ని. నా గొంతు నేననుకున్నదానికన్నా మెత్తగా వచ్చింది.

"నాకు రెండుసార్లు వీసా రాలేదండీ. మొదటిసారి ఇంట్లో అందరూ ఓదార్చారు. రెండోసారి ఎవరూ ఏమీ అనలేదు. అప్పటి నుంచి నేను ఇంటికెళ్తే ఆ మాట ఎత్తరు, నేను గదిలోకి వస్తే మాట మార్చేస్తారు. మూడోసారి ఎవరికీ చెప్పకుండా వేశాను. చిలకకి ఒక్కదానికే తెలుసు. అక్కడ దిగాక ఇంటికి ఫోన్ చేసి, ఎక్కడి నుంచి చేస్తున్నానో చెప్పమంటారా అని అడుగుదామనుకున్నా."

"మావయ్య ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఈసారి ప్రశ్నని ప్రశ్నగానే అడిగాడు.

"కన్సల్టెన్సీ సార్. అప్లికేషన్లూ, సీట్లూ, వీసా ఇంటర్వ్యూకి ట్రైనింగూ అన్నీ ఆయనే చూస్తారు. అందరూ వీసా మావయ్య అంటారు. మా అందర్నీ తల్లీ అనే పిలుస్తారు." 'మా' దగ్గర ఆమె నా వైపు ఒకసారి చూసింది. "చిలక ఫోన్ పెట్టేశాక నాకేం తోచలేదు. మావయ్యకి ఫోన్ చేసి, నిజమేనా అని అడిగాను. ఆయన నవ్వారు. కాలేజీలో ఎవడో పాత లిస్టు చూసి చెప్పుంటాడు, చిలకతో నేను మాట్లాడతాలే, రేపు ఎక్కడుంటుంది అని అడిగారు."

"చెప్పావా?"

"చెప్పాను."

"ఎక్కడుంటానంది?"

ఆ అమ్మాయి ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. "సార్ వాళ్ళ స్టేషన్‌కి ఎదురుగా బస్టాప్‌లో. తొమ్మిదింటికి. ఇద్దరం కలిసి వెళ్ళి కంప్లైంట్ ఇద్దాం, ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాలంటే భయం, నువ్వు వచ్చేదాకా బయటే కూర్చుంటా అంది."

ఇన్‌స్పెక్టర్ కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"తొమ్మిదింటికి నేను మెట్ల మీదే ఉన్నాను," అన్నాడు చివరికి. "జీపు స్టార్ట్ కాక. పసుపు బ్యాగు పెట్టుకుని ఒక అమ్మాయి కూర్చుని ఉంది. రెండు బస్సులు వచ్చి వెళ్ళినా ఎక్కలేదు. తర్వాత కారొచ్చింది. పెద్దాయన దిగి ఏదో చెప్పాడు. ఎక్కింది. నేను..."

"తండ్రి అనుకున్నారు."

ఆయన అవునని తలూపాడు. ఆయన వాక్యం నేను పూర్తి చేసినందుకు నాకేమీ గొప్పగా అనిపించలేదు. స్టేషన్ గుమ్మానికి ఎదురుగా, లోపలికి వెళ్ళడానికి ఒక మనిషి తోడు కోసం కూర్చున్న పిల్ల, ఆ తోడు రాక వేరే కారెక్కింది.

"నువ్వు రానని చిలకకి చెప్పావా?"

"వస్తానన్నాను," అని రూమ్మేట్ ఏడ్చేసింది. "మావయ్య వెళ్తున్నారు కదా, ఆయన నచ్చజెబుతారు, సాయంత్రానికి వచ్చేస్తుంది అనుకున్నా. రాలేదు. అడిగితే, అలిగింది, వేరే విమానంలో ముందే పంపించేశాను అన్నారు."

"నమ్మావా?"

"నమ్మాలనిపించిందండీ."

తిడదామని నోరు తెరిచి, బూట్ల వైపు చూశాను. ఎంత వెళ్ళాలనుకుంటే, ఇంత ఎండలో, పక్క మంచం ఖాళీగా ఉన్న గదిలో, ఆ బూట్లు వేసుకుని ఒక్కతే తిరుగుతుంది?

అప్పుడు ఆమె ఫోను మోగింది. తెర మీద మావయ్య.

ఇన్‌స్పెక్టర్ వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. నేను స్పీకర్ నొక్కి, మాట్లాడమని సైగ చేశాను. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

"తల్లీ, సామాను సర్దేశావా?" వెన్న రాసినంత నున్నటి గొంతు.

"సర్దాను మావయ్యా."

"ప్రయాణం ముందుకు జరిగింది. రేపు కాదు, ఇవాళే. మేం మీ హాస్టల్ వెనక గేటు దగ్గర ఉన్నాం. ఐదు నిమిషాల్లో దిగు. ఎవరికీ చెప్పకు, మిగతా పిల్లలకి టికెట్లు మారలేదు, గోల చేస్తారు."

'మేం' అనగానే ఇన్‌స్పెక్టర్ తల ఎత్తాడు. నాకంటే ముందే విన్నాడు. నా వైపు చూసి రెండు వేళ్ళు చూపించాడు. వాడు ఒక్కడే కాదు. నేను ఆ అమ్మాయి చెవిలో చెప్పాను, చిలక గురించి అడగమని.

"చిలక ఉందా మావయ్యా?"

అటు కొంచెం ఖాళీ.

"ఇక్కడే ఉంది తల్లీ. నీ కోసమే చూస్తోంది. తొందరగా రా."

ఫోను పెట్టేశాడు. ఇన్‌స్పెక్టర్ వెంటనే స్టేషన్‌కి ఫోన్ చేశాడు. మనుషులు రావడానికి పావుగంట పడుతుందన్నారు. జీపు లేదు. ఆయన ఫోను జేబులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడు మనం ఏం చేద్దాం?" అన్నాడు.

ఇన్నేళ్ళకి ఆ మాట ఈ మనిషి నోట వినాల్సి వచ్చింది.

"నేను దిగి వాణ్ణి మాటల్లో పెడతాను," అన్నాను.

"మిమ్మల్ని చూస్తే కారు ఆగదు. నన్ను చూసినా అంతే." ఆయన చెప్పింది నిజమే.

రూమ్మేట్ అప్పటికే లేచి, చెప్పులు వేసుకుని, భుజానికి బ్యాగు తగిలించుకుంది.

"నేను వెళ్తాను."

"వద్దు," అన్నాను.

"చిలక కార్లో ఉందండీ. మొన్న వస్తానని వెళ్ళలేదు. ఇప్పుడు కూడా వెళ్ళకపోతే తను ఏమనుకుంటుంది?"

గడియారం ఆగడం లేదు. గబగబా ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఆమె వెళ్ళి వెనక తలుపు తీసి, చిలక చెయ్యి పట్టుకుని బయటికి లాగాలి. ఏం జరిగినా కారు ఎక్కకూడదు. ఇన్‌స్పెక్టర్ ముందు గేటు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, స్కూటర్‌ని సందు మొదట్లో అడ్డంగా పెట్టాలి. నేను వెనక మెట్ల మీద, గేటుకి పైన ఉన్న కిటికీ దగ్గర ఉండాలి. చెయ్యి పట్టుకున్న వెంటనే గట్టిగా అరవమన్నాను.

"అరుస్తాను," అంది. భయపడుతున్నట్టు కూడా లేదు. ఒక్క చెయ్యి మాత్రం బ్యాగు పట్టీని వదలడం లేదు.

ఆమె ముందు, నేను వెనక మెట్లు దిగాం. కిటికీ దగ్గర నేను ఆగిపోయాను. ఆమె ఆగలేదు.

కింద తెల్ల కారు ఇంజను ఆపకుండా ఉంది. అద్దాలు నల్లవి. ముందు సీట్లోంచి యాభై దాటిన మనిషి దిగి, నవ్వుతూ ఆమె భుజం మీంచి బ్యాగు అందుకున్నాడు. స్టీరింగ్ ముందు ఇంకొకడు కూర్చుని ఉన్నాడు. ఆమె ఇద్దర్నీ పట్టించుకోకుండా నేరుగా వెళ్ళి వెనక తలుపు తెరిచింది. లోపలికి వంగి, "చిలకా, వచ్చానే," అంది. ఆ మాట నాకు పైకి స్పష్టంగా వినిపించింది.

తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆమె నిలబడి మెల్లగా తల ఎత్తి నా కిటికీ వైపు చూసింది. తెరిచిన తలుపులోంచి వెనక సీటు ఈ చివర నుంచి ఆ చివరి దాకా నాకు కనిపించింది. ఎవరూ లేరు. ఆ 'మేం' అంటే వాడూ, వాడి డ్రైవరూ.

నేను అరిచాను. వాడు పైకి కూడా చూడలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు దీవించినట్టు ఆమె తల మీద చెయ్యి పెట్టి, లోపలికి నొక్కి, తలుపు వేశాడు. నేను మెట్లు దిగి గేటు దగ్గరికి వచ్చేసరికి కారు సందు చివర ఉంది. ఇన్‌స్పెక్టర్ స్కూటర్ అప్పుడే మలుపు తిరుగుతోంది. కారు దాన్ని పక్కకి తోసేసి వెళ్ళిపోయింది. ఆయన లేచి, కుంటుకుంటూ నా వైపు వచ్చి, ఏమీ అడగకుండా నా ముఖం చూశాడు.

ఇప్పుడు వెతకాల్సిన పిల్లలు ఇద్దరు.